తీసేసిన వాక్యం

ఏప్రిల్ 3, ఆదివారం
హాస్టల్, కిటికీ పక్క మంచం

పిన్నీ,

ఈ రోజు మొదటి వింత ఇది. పొద్దున్నే పళ్లు తోముకుందామని కుళాయి తిప్పితే నీళ్లకంటే ముందు వాసన వచ్చింది. ఆ తర్వాత గాలి. ఆ తర్వాత డికాషన్ రంగులో ఏదో వచ్చింది, దాంతోపాటు సన్నటి ఎర్ర పురుగు. అది నా బ్రష్షు మీద పడి మెలికలు తిరిగింది. నేను పెట్టిన కేకకి పక్క గది అమ్మాయి మొహం నిండా సబ్బుతోనే పరిగెత్తుకొచ్చింది. వార్డెన్ తాపీగా వచ్చి చూసి, "పురుగు బతికే ఉందిగా, అంటే నీళ్లు మంచివే" అంది.

జుగుప్స అనే మాట ఈ వారమే క్లాసులో నేర్చుకున్నాను. ఎంత నిండుగా ఉందో చూడు, పలికితే పెదాలే ముడుచుకుంటాయి. నోటు పుస్తకంలో రెండుసార్లు రాసుకున్నాను. కానీ పురుగు పడినప్పుడు నా నోట్లోంచి వచ్చింది మాత్రం "ఛీ".

సరే, అసలు సంగతి. మీ చొక్కాల షెడ్డు ఓనరుకి అర్జీ రాసేశాను! పోయిన నెల నువ్వు హాస్టల్ మెట్ల మీద కూర్చుని చెప్పినవన్నీ పెట్టాను. రేకుల షెడ్డు, ఫిబ్రవరిలోనే మొదలైన ఎండ, చొక్కాలు ఇస్త్రీ చేసే అతను చేతిలో పెట్టె ఉండగానే పడిపోవడం, కాలరు కుడుతుంటే చెమట బట్ట మీద పడి మరకైందని సూపర్‌వైజరు తిట్టడం. రాత్రయినా రేకు చల్లారదని, పొద్దున షెడ్డు తెరిస్తే నిన్నటి వేడి ఇంకా లోపలే కూర్చుని ఉంటుందని అన్నావు చూడు, అది యథాతథంగా పెట్టాను. ఈ వాక్యం నాదే: "ఆ రేకు కింద చొక్కాలు కుడుతున్నది మేము కాదు, మా నీడలు." మా తెలుగు మేడమ్ చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నువ్వు చెప్పిన రెండో సంగతి, అదే, బాత్రూంలో నీళ్లుండడం లేదన్నది, తీసేశాను. కోప్పడకు. నీడల తర్వాత బాత్రూం ఏమిటి పిన్నీ? చదివేవాడు ముక్కు మూసుకున్నాడంటే అర్జీ కూడా మూసేస్తాడు. పైగా ఒక అర్జీలో ఒకే కోరిక ఉంటే బలంగా ఉంటుందని మేడమ్ కూడా అన్నారు. కూలర్లే అడిగాను.

అందరూ సంతకాలు పెట్టి ఇచ్చేయండి. పరీక్షలయ్యేదాకా ఫోన్లన్నీ వార్డెన్ బీరువాలోనే, కాబట్టి ఉత్తరమే రాయి. అయినా నాకు ఉత్తరాలే ఇష్టం. ఫోన్లో నువ్వు "ఆ, ఊ" తప్ప ఏమీ మాట్లాడవు.

పురుగు లేని నీళ్ల కోసం ఎదురుచూస్తూ,
నీ డిక్షనరీ


ఏప్రిల్ 20, బుధవారం

ఒసేయ్ డిక్షనరీ,

నీ అర్జీ మధ్యాహ్నం డబ్బాలు విప్పే టైములో చదివాం. చదివింది బొత్తాలక్క. అదే, నా పక్క మిషను మీద బొత్తాలు కుడుతుందే, ఆవిడ. నీడల దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "పిల్ల బాగానే ఏడిపించింది గానీ బాత్రూం ఎక్కడే?" అంది. "వాసనొస్తుందని తీసేసిందట" అన్నాను. అందరూ ఒకటే నవ్వు. "వాసన దానికా, మనకా?" అంది ఇంకొకామె. పోనీలే, అది మళ్లీ ఎప్పుడైనా అడుగుదాం.

ఓనరు చదివాడట. ఆయన గదిలోంచి మా సూపర్‌వైజరు బయటికొచ్చి ఎన్నడూ లేంది "అమ్మా" అని పిలిచాడు మమ్మల్ని. అతనికి మేం పెట్టిన పేరు ఈల. నోట్లో ఈల లేకుండా మాట్లాడడు. "అమ్మా, ఎవరు రాశారిది?" అన్నాడు. మా అక్క కూతురు అన్నాను. నా మొహం చూడాల్సింది నువ్వు. చొక్కాలు కొనే పెద్ద కంపెనీవాళ్లు ఈమధ్య షెడ్లలో వేడి ఎలా ఉందో చూసిగానీ ఆర్డరు ఇవ్వడం లేదట. అందుకని ఓనరుకీ తొందరగానే ఉంది.

చెప్పొచ్చేదేమిటంటే, కూలర్లు వచ్చేశాయి! నాలుగు. ఒక్కోటీ బీరువా అంత. మొన్న పెట్టారు. మొదటిసారి గాలి తగిలినప్పుడు ఇస్త్రీ అతను చొక్కా గుండీలు విప్పి దాని ముందు దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఈల వెళ్లి చెవి పక్కన ఈల వేశాడు.

మీ అమ్మ ఉంటే ఎంత పొంగిపోయేదో. చదువుకో. ఆ నీళ్లు కాచి తాగు.

పిన్ని


ఏప్రిల్ 24, ఆదివారం

నాలుగు కూలర్ల పిన్నికి,

నీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాను! ఇస్త్రీ అతని దగ్గర అందరూ చప్పట్లు. మా గోడ పత్రికకి వ్యాసం రాయమన్నారు మేడమ్. శీర్షిక కూడా పెట్టేశాను: "ఒక అర్జీ, నాలుగు కూలర్లు". మాటలు గాలిని కూడా తేగలవని చివర్లో రాశాను. నాకే ఒళ్లు పులకరించింది.

వ్యాసం కోసం లైబ్రరీలో కూర్చుని చదివాను. భూమి వేడెక్కడం అంటే మనం ఎక్కడో మంచు కరగడం అనుకుంటాం కదా, అది మన ఒంట్లోకి కూడా వస్తుందట పిన్నీ. నగరంలో సిమెంటూ తారూ పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతాయి. ఒంటికి చల్లారే టైమే దొరకదు. చెమటగా నీళ్లన్నీ పోతే నెత్తురు చిక్కబడుతుంది, గుండె మీద భారం, మూత్రపిండాల మీద ఇంకా భారం. వేడి చోట్ల పనిచేసేవాళ్లకి కిడ్నీలు పాడవడం పెరుగుతోందట. మందు ఏమిటో తెలుసా? మంచినీళ్లు! అంతే! దాహం వేయకముందే తాగుతూ ఉండాలి.

అందుకే ఈ గులాబీ రంగు సీసా పంపుతున్నాను. ఇంత నీళ్లు తాగాలి అని పక్కన గీతలుంటాయి చూడు. మధ్యాహ్నానికి ఒక సీసా, సాయంత్రానికి ఇంకొకటి. తప్పించుకోకూడదు. ఇప్పుడు చల్లటి షెడ్డు ఉంది, అందమైన సీసా ఉంది, ఇంక నీకు సాకు లేదు.

ఇక్కడ సంగతి రాయకపోతే నిద్ర పట్టదు. ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తోంది. మెస్‌లో కంచాలు ఒకే తొట్టిలో ముంచి తీస్తున్నారు. ఆ తొట్టి మీద నూనె పొర, దాని మీద మెతుకులు, వాటి మీద ఈగలు. నా కంచం అంచున ఎవరిదో నిన్నటి కూర. నిఘంటువులో "రోత" దగ్గర ఆ తొట్టి బొమ్మ వేయొచ్చు.

ఎన్ని సీసాలు తాగావో రాయి.

నీ డిక్షనరీ


మే 4, బుధవారం

అమ్మాయ్,

సీసా అందింది. భలే ఉంది. షెడ్డులో చేతులు మారి మారి నా దగ్గరికొచ్చేసరికి మూత వదులైంది. తాగుతున్నాలే.

వ్యాసం బాగుంటుందిలే, నువ్వు రాశాక. మా గురించి మరీ ఎక్కువ రాయకు.

కూలర్లు తిరుగుతున్నాయి. మొదట్లో తడి గడ్డి వాసన వచ్చేది, బాగుండేది. ఇప్పుడు దాని లోపలి గడ్డి పాకుడు పట్టి చేపలబుట్ట వాసన వస్తోంది. ఆ గాలి మొహాన కొడుతుంటే పొద్దున తిన్నది పైకి తన్నుకొస్తుంది. అయినా చల్లగానే ఉందిలే. నీ పేరు చెప్పుకుని కూర్చుంటున్నాం.

నడుం నొప్పిగా ఉంటోంది. స్టూలు బాగాలేదు, అందుకే. పైగా రాత్రిళ్లు కాస్త వొళ్లు వెచ్చబడుతోంది. ఈ ఎండలకి ఎవరికి వెచ్చబడదు?

ఒక్కటి అడగాలి. మీ హాస్టల్‌కి నర్సమ్మ వస్తుందన్నావు కదా. ఒంటికి వెళ్లినప్పుడు మంట, చుక్కలు చుక్కలుగా పడడం, దానికేం చేయాలో కనుక్కో. నాకు కాదు. బొత్తాలక్కకి.

పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇటు రావాలని పెట్టుకోకు.

పిన్ని


మే 8, ఆదివారం

పిన్నీ,

నర్సమ్మని అడిగాను. మంటంటే ఇన్‌ఫెక్షన్ అట. డాక్టరుకి చూపించాలి, నీళ్లు బాగా తాగాలి, ఆపుకోకూడదు. "ఆవిడ నీళ్లు తాగుతోందా?" అని అడిగింది. నాకు తెలిస్తే కదా!

బొత్తాలక్కకి నా మాటగా చెప్పు. అంత పెద్దావిడ, ఎదురుగా నాలుగు కూలర్లు పెట్టుకుని, గ్లాసుడు నీళ్లు తాగడానికి బద్ధకమా? ఎండ పిల్లల్నీ పెద్దల్నీ పిట్టల్లా రాలుస్తుంటే కొందరు తమ ఒంటికి తామే శత్రువులవుతారు. ఈ వాక్యం వ్యాసంలో కూడా పెట్టాను. ఆవిడ పేరు రాయలేదు, "ఒక కార్మికురాలు" అని రాశాను.

ఇంకో మాట! మా గోడ పత్రిక వ్యాసం మేడమ్ ఒక దినపత్రిక విద్యార్థుల పేజీకి పంపారు. వాళ్లు ఫోటో అడిగారు. కూలర్ పక్కన నువ్వు గులాబీ సీసాతో నీళ్లు తాగుతున్న ఫోటో. ఈలని తీయమను, అలాగైనా నోట్లోంచి ఆ ఈల కాసేపు దిగుతుంది!

మా గదిలో నలుగురికీ చెమటకాయలు. రాత్రంతా బరబరమని గోకుడు. ఒకమ్మాయి గోకి గోకి చీము పట్టించుకుంది. కిటికీ తెరిస్తే మురుక్కాలవ కంపు, మూస్తే మా కంపు. ఏ కంపు మేలని ఓటింగ్ పెట్టాం. మురుక్కాలవ గెలిచింది.

నువ్వు ఎన్ని సీసాలు తాగావో మళ్లీ రాయలేదు. ఫోటో మర్చిపోకు.

నీ డిక్షనరీ


మే 15, ఆదివారం

అమ్మాయ్,

ఫోటో పంపను. సీసాల లెక్క అడగకు. బొత్తాలక్క గురించి తెలియకుండా రాయకు, ఆవిడ నీకు అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన మనిషి. ఆ వ్యాసం పేపర్లో వేయొద్దని మీ మేడమ్‌కి చెప్పు.

పరీక్షలు బాగా రాయి.

పిన్ని


మే 18, బుధవారం

పిన్నికి,

నీ ఉత్తరం పోస్ట్‌కార్డులో సగం కూడా లేదు. మూడుసార్లు చదివాను, లోపల ఇంకేమన్నా ఉందేమో అని.

నేనేం తప్పు చేశాను? వేడిలో మాడుతున్నామన్నావు, అర్జీ రాశాను. గాలి వచ్చింది. నీళ్లు తాగమన్నాను, అది నీ మంచికే. పేపర్లో నీ పేరు వస్తే నలుగురూ మెచ్చుకుంటారనుకున్నాను. నేను రాసుకుంటే నీకు నామోషీ అయితే ఆ మాటే చెప్పు. చదువుకుని పెద్ద మాటలు మాట్లాడుతోందని షెడ్డులో ఎవరన్నా అన్నారా? బొత్తాలక్క అందా?

అమ్మ పోయినప్పుడు నాకు జడ వేయడం రాక, నా తల వెనక పుస్తకం పెట్టుకుని చూసి నేర్చుకున్నదానివి నువ్వు. నా మీద నీకు ఎప్పుడూ ఇలా కోపం రాలేదు. వ్యాసం ఆపమని మేడమ్‌కి చెప్పాను. ఎందుకని ఆవిడ అడిగితే మా పిన్ని వద్దంది అన్నాను.

28న ఆఖరి పరీక్ష.

నేను


మే 24, మంగళవారం
పెద్దాసుపత్రి, ఆడవాళ్ల వార్డు

బుజ్జీ,

గాభరా పడకు. ముందే చెప్తున్నాను, కూర్చునే రాస్తున్నాను, సెలైను ఎడమ చేతికి పెట్టారు.

శుక్రవారం షెడ్డులోనే చలిజ్వరం వచ్చింది. ఆ ఎండలో, రేకు కింద, నేను పళ్లు టకటకలాడిస్తూ వణుకుతుంటే ఈల నన్ను చూసి "కూలర్ ఎక్కువైనట్టుంది" అన్నాడు. బొత్తాలక్క ఆటోలో ఎక్కించి ఇక్కడికి తెచ్చింది. మంట కింద మొదలై పైకి పాకి కిడ్నీలకి పట్టిందట. నడుం నొప్పి స్టూలు వల్ల కాదు. నేను అడిగిన మంట బొత్తాలక్కది కాదు, నాది. ఆవిడకీ ఉందనుకో, షెడ్డులో సగం మందికి ఉంది.

నీళ్లు తాగలేదా అని డాక్టరమ్మ అరిచింది. తాగలేదు. నీ సీసాలో పొద్దున పోసిన నీళ్లు సాయంత్రం పారబోసి ఇంటికి తెచ్చేదాన్ని. ఎందుకో ఇప్పుడు చెప్తాను. నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ నువ్వు రాసిన ఆ "నేను" చూశాక ఉండబట్టలేదు.

ఊళ్లో నీళ్లు తగ్గాయి కదా, షెడ్డుకి ట్యాంకర్ రోజు విడిచి రోజే. బాత్రూంల మీద ఒక ట్యాంకు ఉంది. ఎండ ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నానికే అది ఖాళీ అయ్యేది, అందుకే నీకు ఆ రెండో సంగతి చెప్పాను. కూలర్లు వచ్చాయి. అవి నీళ్లు తాగుతాయి, బుజ్జీ. మనుషులకంటే ఎక్కువ తాగుతాయి. ఈల బాత్రూం ట్యాంకు పైపు తీసి కూలర్లకి తిప్పాడు. అడిగితే, "మీరే కదా రాసిచ్చారు కూలర్లు కావాలని? అందులో బాత్రూం మాట ఉందా?" అన్నాడు. లేదు కదా.

ఆ తర్వాత ఆ బాత్రూంల గతి నేను రాయను. ఒకటి తలుపే తెరుచుకోదు, లోపలివి అడ్డం. రెండోదాంట్లోకి వెళ్తే చెప్పు ఊడి అతుక్కుపోయింది, వదిలేసి వచ్చాను. వెళ్లొచ్చాక అన్నం సహించదు. అందుకని ఇంటి దగ్గర పొద్దున వెళ్లొచ్చి, మళ్లీ ఇంటికి వచ్చేదాకా గొంతు తడుపుకోవడమే. చల్లటి గాలిలో కూర్చుని నాలుక పిడచకట్టుకుని కుట్టాం. నీ ఉత్తరం వచ్చేది, నీళ్లు తాగు, నీళ్లు తాగు అని. ఏం రాయను? నీ అర్జీ వల్లే ఇలా అయిందంటే నువ్వు మళ్లీ కలం పట్టుకుంటావా?

ఇంకొకటి వినాలి నువ్వు. ఓనరు నీ అర్జీకి ఫ్రేము కట్టించాడు. అద్దం వేసి, ఆఫీసు గుమ్మం పక్కన, కూలరుకి ఎదురుగా. నీడల వాక్యం కింద ఎర్ర గీత. వచ్చినవాళ్లందరికీ చూపించి, "మా అమ్మాయిలు అడిగారు, నేను ఇచ్చాను" అంటాడు. బాత్రూంకి వెళ్లే దారి దాని పక్కనుంచే.

ఈల నిన్న పళ్లు తీసుకుని ఇక్కడికి వచ్చాడు. పళ్లెందుకో తర్వాత అర్థమైంది. ముందు, ఈ జ్వరం ఇంట్లోనే వచ్చిందని సంతకం పెట్టమన్నాడు. నాకు చెయ్యి లేవడం లేదన్నాను. తర్వాత, సోమవారం పొద్దున కంపెనీవాళ్లు షెడ్డు చూడ్డానికి వస్తున్నారట, అర్జీ రాసిన అమ్మాయి వచ్చి వాళ్ల ముందు చదివితే బాగుంటుందని ఓనరుగారి కోరిక అన్నాడు. పరీక్షలున్నాయి, రాదు అన్నాను. రావొద్దు.

డాక్టరమ్మ ఒకటే చెప్పింది. ఈసారి మందులకి లొంగింది. మళ్లీ ఇలాగే నీళ్లు మానేసి ఆపుకుంటూ కూర్చుంటే కిడ్నీ పోతుంది, అప్పుడు తను చేసేదేమీ ఉండదు అని. ఇక్కణ్ణుంచి వెళ్తే నాకు ఆ షెడ్డే. ఈ వయసులో కాలర్లు కుట్టే చెయ్యికి ఇంకెవరు మిషను ఇస్తారు? ఇంకో షెడ్డుకి పోయినా అక్కడా ఇవే రేకులు, ఇవే ట్యాంకర్లు.

నీ మీద కోపం లేదు. ఆ రోజు నాకు కోపం నా ఒంటి మీద.

పిన్ని


మే 29, ఆదివారం
నీ గది, నీ మంచం

పిన్నీ,

ఈ పూట వార్డు పాసు బొత్తాలక్కది, ఒక్కరినే కదా లోపలికి పంపేది, అందుకే ఆవిడ చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను.

నిన్న పరీక్ష రాసి నేరుగా బస్సెక్కి వచ్చాను. నిన్ను చూసి ఏడవకూడదని దారంతా అనుకున్నాను. నువ్వేమో నా జడ చూసి, "ఇదేం జడే, తాడులా ఉంది" అన్నావు. ఇంక ఎలా ఆగను? నేను సారీ అంటుంటే చెయ్యి అడ్డం పెట్టి, "ఏడుపు చాలు. సోమవారం పోతానంటే పో. ఈసారి మాత్రం వాళ్లు చెప్పింది తీసేయకు" అన్నావు. ఆ మాట పట్టుకునే ఈ రోజు తిరిగాను.

ఇవాళ ఆదివారమైనా షెడ్డు తెరిచే ఉంది. రేపు పెద్దవాళ్లు వస్తున్నారని కనబడే గోడలకి సున్నం. బొత్తాలక్క నా చేతికి చీపురిచ్చి లోపలికి తీసుకుపోయింది, ఊడవడానికి వచ్చిన పిల్లనని చెప్పి. నేనెవరో ఈల పట్టించుకోలేదు. ముందు నా అర్జీ చూశాను. ఫ్రేములో ఎంత శుభ్రంగా ఉందో. అద్దం మీద దుమ్ము కూడా లేదు, రోజూ తుడుస్తారట. షెడ్డు మొత్తంలో రోజూ తుడిచేది అదొక్కటే. నీడల వాక్యం చదువుకున్నాను. మొదటిసారి దాన్ని చూస్తే నాకే రోత పుట్టింది.

తర్వాత ఆ దారిన వెళ్లాను. రాయనన్నావు నువ్వు. నేను రాస్తాను. తలుపు దగ్గరికి రాకముందే కళ్లు మండాయి. వాసన ముక్కులోకి కాదు, నోట్లోకి వచ్చింది, నాలుక మీద కూర్చుంది. నేల కనిపించదు. ఎండిపోయిన దాని మీద తడిది, దాని మీద పురుగులు, గింజలు పోసినట్టు కదులుతున్నాయి. గోడ మీద చేతి వేళ్ల గుర్తులు. ఎవరో నీళ్లు లేక గోడకి తుడుచుకున్నారు. బకెట్టు బోర్లా ఉంది, దాని పక్కనే అతుక్కుపోయి ఒకే ఒక్క చెప్పు. అది నీది, పిన్నీ, నీలం పట్టీది. గోడ అవతల కూలర్ గలగలమని నీళ్లు తాగుతూ తిరుగుతోంది. బయటికొచ్చి గేటు పక్కన కక్కుకున్నాను. బొత్తాలక్క వీపు రాస్తూ, "ఇదీ నువ్వు తీసేసిన ముక్క" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

జుగుప్స అని రాసుకున్నాను చూడు ఏప్రిల్లో. ఆ మాట ఆ గదిలోకి రాదు. గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అక్కడ "ఛీ" ఒక్కటే లోపలికి వెళ్లగలదు.

మధ్యాహ్నం నీ గదిలో అందరూ కూర్చున్నారు. మంచం మీద ఐదుగురు, కింద మిగతావాళ్లు, గుమ్మంలో ఇస్త్రీ అతను. "నాకు అవసరమైతే గోడ వెనక్కి పోతాను, వీళ్లెక్కడికి పోతారు? నేనూ సంతకం పెడతా" అన్నాడు. ఉద్యోగాలు పోతాయేమో అని భయంగానే అన్నాను. "కొనేవాళ్ల ముందు ఎవర్ని తీసేస్తాడు? అందర్నీ తీసేస్తే కాలర్లు ఈల కుడతాడా?" అంది నీ ఎదురు మిషనామె. నేను కాగితం పట్టుకుని, "చెప్పండి, రాస్తాను" అన్నాను. మధ్యలో రెండుసార్లు నా చెయ్యి దానంతటదే మంచి మాట వెతికింది. బొత్తాలక్క కాగితంలోకి తొంగిచూసి, "అదేంటి, ఆ పొడుగు మాట? కొట్టెయ్" అంది. కొట్టేశాను. ఇదీ అర్జీ:

"బాత్రూంలో నీళ్లు లేవు. ఆ నీళ్లు కూలర్లకి పోతున్నాయి. కూలర్లు కావాలి, బాత్రూంలో నీళ్లు కూడా కావాలి, రెండూ ఒకే ట్యాంకులో కుదరవు. బాత్రూంకి వెళ్లలేక మేం పొద్దుట్నుంచి నీళ్లు తాగడం లేదు. మాలో చాలామందికి మంట ఉంది. కాలర్లు కుట్టే ఆమె కిడ్నీకి పట్టి ఆసుపత్రిలో ఉంది, ఆమె జ్వరం ఇంట్లో వచ్చింది కాదు, ఇక్కడ వచ్చింది. బాత్రూంకి వేరే ట్యాంకు పెట్టండి. రోజూ కడిగించండి. వెళ్తామంటే ఈల వేయకుండా వెళ్లనివ్వండి. ఎండలు ఇంకా ముదురుతాయంటున్నారు, కాబట్టి ఇది ఈ ఒక్క ఎండాకాలానికి కాదు. ఫ్రేములో ఉన్న అర్జీలో ఈ మాటలు లేవు. రాసిన పిల్ల తీసేసింది. అందుకని దాన్ని గోడ మీంచి దించి ఇది పెట్టండి."

పిల్ల తీసేసింది అనేది కూడా రాయమన్నది బొత్తాలక్కే. నేను తల ఊపి రాశాను. అందరూ సంతకాలు పెట్టారు. మధ్యలో నీకు చోటు వదిలాం. ఇప్పుడు బొత్తాలక్క దాన్ని నీ దగ్గరికి తెస్తుంది, చెయ్యి లేస్తే పెట్టు. ఈల అడిగినప్పుడు లేవని చెయ్యి దీనికి లేస్తుందనుకుంటున్నాను.

సాయంత్రం ఈలకి కబురు పంపాను, అర్జీ రాసిన అమ్మాయి వచ్చింది, రేపు తప్పకుండా చదువుతుంది అని. ఓనరుగారు చాలా సంతోషించారట. కారు పంపిస్తానన్నారు. వద్దు, నడిచే వస్తానన్నాను.

నీ గులాబీ సీసా దొరికింది, బియ్యం డబ్బా వెనక. వదులు మూతకి దారం చుట్టాను. కాచి చల్లార్చిన నీళ్లు పోసి గుమ్మం దగ్గర పెట్టాను.

రేపు పొద్దున ఈల మోగకముందే అందరం గేటు దగ్గర కలుస్తాం, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుని. అక్కడే నిలబడి మూతి దాకా నిండా ఉన్న సీసాలు అందరం ఒకేసారి తాగేస్తాం, అడుగున చుక్క లేకుండా. కంపెనీవాళ్లు వచ్చి, పూలగుత్తులు అందుకుని, కూలర్లు చూసి, నేను ఈ అర్జీ చదవడం అయ్యేసరికి అందరికీ ఒంటికి వచ్చి తీరుతుంది. వచ్చేవాళ్లలో ఒకావిడ ఉందట. చదివిన కాగితం ఆవిడ చేతికిచ్చి, "అమ్మా, బాత్రూం ఇటు, మాతో రండి" అని నేను ముందు నడుస్తాను. నా వెనక ఆవిడ. ఆవిడ వెనక షెడ్డు మొత్తం.

డిక్షనరీ